మద్రాసు ప్రెసిడెన్సీ పేరున్న మూడు విమాన దళాలు: పగటి దాడులలో రక్షకవిమానాల పాత్ర

వ్యాస సంగ్రహం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ రాజ వైమానిక దళంలోని 79, 234, 264 సంఖ్యల స్క్వాడ్రన్లకు మద్రాసు ప్రెసిడెన్సీ పేరు జతచేయబడింది. నేటి చిత్తూరు, తిరుపతి ప్రాంతం నాడు ఆ ప్రెసిడెన్సీలో భాగం. పట్టపగలు దాడికి వెళ్లే బాంబరు విమానాలకు ఫైటర్ విమానాల రక్షణ ఎంత అవసరమన్న ప్రశ్నను ఈ మూడు దళాలు మూడు వేర్వేరు స్థానాల నుంచి ఎదుర్కొన్నాయి. ఆ అనుభవాల ఆధారంగా రక్షకవిమాన వ్యవస్థ పనితీరును వివరించడం, ఆ పేరుకూ ఆ పేరు గల ప్రాంతానికీ మధ్య ఉన్న దూరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మద్రాసు ప్రెసిడెన్సీ, చిత్తూరు జిల్లా, యుద్ధనిధి, రక్షకవిమానం, డిఫయంట్, మస్టాంగ్, పగటి దాడి.

1. ఉపోద్ఘాతం

1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించేవరకు ఈ జిల్లా మద్రాసు పాలనలోనే ఉంది. అందువల్ల 1940 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ అన్న మాట వినిపించిన ప్రతిచోటా తిరుపతి, చిత్తూరు, మదనపల్లె కూడా అందులో చేరి ఉన్నట్లే. బ్రిటన్ ఆకాశంలో ఎగిరిన మూడు విమాన దళాల పేర్లలో కూడా అంతే.

దళాలకు ఊళ్ల పేర్లు, సంస్థానాల పేర్లు పెట్టడం వెనుక యుద్ధనిధుల కథ ఉంది. 1940లో బ్రిటన్‌లో విమానాల తయారీకి విరాళాలు పోగుచేసే ఉద్యమం మొదలై సామ్రాజ్యమంతటా వ్యాపించింది. ఒక స్పిట్‌ఫైర్ విమానానికి 5,000 పౌండ్లని నామమాత్రపు ధర ప్రకటించారు. అసలు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల నాటి మారకపు రేటు ప్రకారం అది సుమారు 66,667 రూపాయలు. ఆ మొత్తం ఇచ్చినవారు కోరిన పేరును విమానం మీద రాసేవారు. అంతకు ఎన్నో రెట్లు సమకూర్చిన ప్రాంతాల పేర్లను ఏకంగా స్క్వాడ్రన్‌లకే పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ పేరు మూడు దళాలకు దక్కడం ఆ విధంగానే జరిగింది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఈ నిధికి అనుమతించే అధికారం గల ప్రజాప్రతినిధుల ప్రభుత్వం ఆనాడు మద్రాసులో లేదు. భారతీయులను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరు చివర రాజీనామా చేసింది. పాలన గవర్నరు చేతిలోకి వెళ్లింది. 234, 264 దళాలు బ్రిటన్‌లో పునర్వ్యవస్థీకరింపబడిన తేదీ కూడా 1939 అక్టోబరు 30 కావడం కాకతాళీయమే. మరుసటి సంవత్సరం అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహాన్ని ప్రారంభింపజేశారు. బ్రిటిష్ యుద్ధ ప్రయత్నానికి మనుషులతోగాని డబ్బుతోగాని తోడ్పడరాదన్నది ఆ సత్యాగ్రహులు బహిరంగంగా చెప్పిన మాట, జైలుకు వెళ్లడానికి కారణమైన మాట. అంటే ఒకే ప్రెసిడెన్సీలో ఒకరు విమానానికి చందా ఇస్తుండగా మరొకరు ఆ చందా ఇవ్వరాదన్నందుకు జైలుకు పోతున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ అన్న పేరు ఈ రెండు వర్గాలనూ కలుపుకొనే ఆ విమానాల మీద నిలిచింది.

2. రక్షకవిమానం: పేరు, అవసరం

బాంబరు విమానం పెద్దది, బరువైనది, నెమ్మదిగా కదిలేది. మోసుకెళ్లిన బాంబులను నిర్ణీత లక్ష్యం మీద వేయడం దాని పని. ఫైటర్ చిన్నది, వేగవంతమైనది. ఎదుటి విమానాన్ని కూల్చడం దాని పని. పగటిపూట బాంబర్లు దాడికి వెళ్తే శత్రు ఫైటర్లు వాటిని సులువుగా చూస్తాయి, వెంటాడుతాయి. కాబట్టి సొంత ఫైటర్లను వెంట పంపి బాంబర్లను కాపాడుకోవాలన్న ఆలోచన సహజంగానే పుట్టింది. ఇలా వెంట వెళ్లే విమానాన్ని ఈ వ్యాసంలో రక్షకవిమానం అని వ్యవహరించడం జరిగింది. ‘తోడు విమానం’ అన్నది మరింత తేట తెలుగు మాటే. కాని తోడు వెళ్లడం వేరు, కాపాడటం వేరు. యుద్ధకాలంలో సేనానుల మధ్య జరిగిన ప్రధాన వివాదం ఈ రెండింటి మధ్య తేడా గురించే కనుక ఆ మాటను విడిగా ఉంచుకోవడం మేలు.

ఆలోచన సహజమైనదే అయినా ఆచరణలో ఒక చిక్కు ఉంది. ఫైటర్ చిన్నది కనుక దానిలో పట్టే పెట్రోలు తక్కువ. బాంబరు చేరగల దూరంలో సగం కూడా ఫైటర్ చేరలేదు. దూరం పోవాలంటే ట్యాంకులు పెంచాలి. ట్యాంకులు పెంచితే బరువు పెరిగి చురుకుదనం తగ్గుతుంది. చురుకుదనం తగ్గిన ఫైటర్ శత్రు ఫైటర్ ముందు నిలవలేదు. 1930లలో చాలామంది వైమానిక నిపుణులు ఈ ముడిని విప్పలేమని భావించి, తుపాకులు దండిగా ఉన్న బాంబర్లు బారులు తీరి వెళ్తే తమను తామే రక్షించుకోగలవని నమ్మారు. ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

3. హైదరాబాద్ పేరున్న దళం – 1918

తెలుగునేలకు సంబంధించి ఈ మూల్యానికి తొలి ఉదాహరణ మొదటి ప్రపంచయుద్ధంలోనే కనిపిస్తుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధనసహాయంతో సమకూరిన డి.హెచ్.9ఏ బాంబర్లతో 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో రంగంలోకి దిగింది. విమానాల మీద నిజాం కానుక అని రాయించారు. దళం పేరులో హైదరాబాద్ చేరింది. జర్మనీ లోపలి పట్టణాల మీద పగటిపూట దాడిచేయడం దాని పని. అంత దూరం వెంట రాగల ఫైటర్ లేదు. విమానాలు దగ్గరదగ్గరగా బారుతీరి, వెనుక కూర్చున్న పరిశీలకుల తుపాకుల మీదనే ఆధారపడి వెళ్లేవి. మేఘాలలోనో గాలిలోనో బారు చెదిరితే ఒంటరైన విమానం శత్రువుకు చిక్కేది. 1918 అక్టోబరు 21న వెళ్లిన విమానాలలో ఏడు తిరిగి రాలేదు. మూడు వారాలకు యుద్ధం ముగిసింది. పాఠం నేర్చుకునేంత వ్యవధి లేకపోయింది, లేదా నేర్చుకోవాలన్న ఆసక్తి లేకపోయింది. రెండవదే నిజమని తరువాతి చరిత్ర సూచిస్తుంది. 1939 డిసెంబరు 18న జర్మనీ ఉత్తరతీరం మీదికి రక్షణ లేకుండా పట్టపగలు వెళ్లిన 22 వెల్లింగ్టన్ బాంబర్లలో 12 నష్టమయ్యాయి. ఆ దెబ్బతో బ్రిటిష్ బాంబర్ దళం రాత్రి దాడులకు మళ్లింది.

4. 79వ దళం: చాలని రక్షణ

1940 ఆగస్టులో జర్మన్ వైమానిక దళం బ్రిటన్ మీద పగటి దాడులు ముమ్మరం చేసింది. ఫ్రాన్స్ తీరం నుంచి వచ్చే బాంబర్ల వెంట మెస్సర్‌ష్మిట్ 109 ఫైటర్లు ఉండేవి. డోవరు వద్ద జలసంధి వెడల్పు 33 కిలోమీటర్లు, తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి ఉన్నంత. అయితే ఆగస్టు 15న జర్మన్లు నార్వే నుంచి కూడా దాడి పంపారు. నార్వేలోని స్టవాంగర్ నుంచి ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు సుమారు 600 కిలోమీటర్ల సముద్రం ఉంది. తిరుపతి నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గంలో ఉన్న దూరం కూడా దాదాపు అంతే. 109 రకం ఫైటర్ అంత దూరం వెళ్లి తిరిగి రాలేదు. అందువల్ల 60కి పైగా హైంకెల్ 111 బాంబర్లకు రక్షణగా రెండు ఇంజన్ల మెస్సర్‌ష్మిట్ 110 విమానాలను అదనపు ట్యాంకులు తగిలించి పంపారు.

దక్షిణాన యుద్ధం తీవ్రంగా ఉన్నందున ఉత్తరాన ఫైటర్లు ఉండవని జర్మన్ల అంచనా. కాని విశ్రాంతి కోసం అక్కడికి పంపబడిన దళాలు సిద్ధంగానే ఉన్నాయి. ఆక్లింగ్టన్ స్థావరంలో ఉన్న 79వ స్క్వాడ్రన్ వాటిలో ఒకటి. రాడార్ ముందుగానే హెచ్చరించింది. 72వ దళపు స్పిట్‌ఫైర్లు సముద్రం మీదనే శత్రువును మొదట అడ్డుకోగా 79వ దళపు హరికేన్లు తరువాత వచ్చి కలిశాయి. పెట్రోలు బరువుతో ఉన్న 110 విమానాలు ఒంటి ఇంజన్ ఫైటర్ల ముందు తమను తాము కాపాడుకోవడానికే సతమతమయ్యాయి. ఏడు కూలాయి. బాంబర్లు చెదిరి, చాలా బాంబులను సముద్రంలోనే వదిలి వెనుదిరిగాయి. అదే రోజు డెన్మార్క్ నుంచి ఫైటర్ల రక్షణ లేకుండా వచ్చిన యుంకర్స్ 88 బాంబర్లూ దెబ్బతిన్నాయి. ఆ తరువాత నార్వే వైపు నుంచి అటువంటి పెద్ద పగటి దాడి మళ్లీ రాలేదు.

వెంట రక్షకులు ఉండటం ఒక్కటే చాలదని, ఆ రక్షకులు ఎదుటి ఫైటర్‌తో సమానంగా పోరాడగలిగినవి కావాలని 79వ దళం అనుభవం చెబుతోంది. దూరం చేరగలిగినది పోరాడలేదు, పోరాడగలిగినది దూరం చేరలేదు.

5. 264వ దళం: రక్షకులుండరన్న ఊహ

మూడు దళాలలో 264 కథ అత్యంత విషాదకరం. దానికి కారణం వైమానికుల లోపం కాదు. వారికిచ్చిన విమానం ఒక తప్పుడు ఊహ మీద నిర్మింపబడింది.

ఆ విమానం బోల్టన్ పాల్ డిఫయంట్. 1935 నాటి ప్రభుత్వ నిర్దేశానికి అనుగుణంగా రూపొంది 1937 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. నాటి బ్రిటిష్ ప్రణాళికాకర్తల లెక్క ఇలా ఉంది: బ్రిటన్ మీదికి బాంబర్లు వస్తే జర్మనీ నుంచే రావాలి. జర్మనీ నుంచి లండన్ దాకా ఫైటర్లు రాలేవు. కాబట్టి వచ్చే బాంబర్లకు రక్షణ ఉండదు. రక్షణ లేని బాంబర్లను కూల్చడానికి వేగంగా మలుపులు తిరగగల ఫైటర్ అక్కరలేదు. బాంబర్ల పక్కనో కిందనో సమాంతరంగా ఎగురుతూ, ఓడల యుద్ధంలో మాదిరిగా పక్క నుంచి కాల్చగల విమానం కావాలి. ఈ లెక్క ప్రకారం డిఫయంట్‌లో పైలట్ వెనుక నలువైపులా తిరిగే తుపాకీ గూడు అమర్చారు. అందులో నాలుగు బ్రౌనింగ్ మెషీన్‌గన్లు, ఒక గన్నర్. ముందుకు కాల్చే తుపాకీ ఒక్కటీ లేదు. హరికేన్, స్పిట్‌ఫైర్‌లలో ఉన్న మెర్లిన్ ఇంజనే దీనిలోనూ ఉంది. కాని తుపాకీ గూడు బరువు, రెండో మనిషి బరువు కలిసి వేగాన్ని గంటకు 490 కిలోమీటర్ల దగ్గర ఆపేశాయి.

తొలి ప్రమాద సూచన 1940 మే 13న హాలండ్ మీద వచ్చింది. స్పిట్‌ఫైర్ల తోడుతో వెళ్లిన ఆరు డిఫయంట్లు జర్మన్ డైవ్ బాంబర్ల మీద పడగా మెస్సర్‌ష్మిట్ 109లు వచ్చి ఐదింటిని కూల్చాయి. పక్షం రోజుల్లోనే పరిస్థితి తలకిందులైనట్లు కనిపించింది. డన్‌కర్క్ తీరం నుంచి సైన్యాన్ని తరలిస్తున్న మే 29న 264వ దళం ఒక్కరోజులో 37 శత్రువిమానాలను కూల్చినట్లు ప్రకటించుకుంది. ఆ రోజు అక్కడ జర్మన్లు కోల్పోయిన మొత్తం విమానాల సంఖ్య అంతకంటే చాలా తక్కువ. ఒకే విమానాన్ని నలుగురైదుగురు గన్నర్లు ఏకకాలంలో కాల్చినప్పుడు అందరూ తమ ఖాతాలో వేసుకోవడం వల్ల ఈ అంకె పెరిగింది. అయినా కొంత విజయం నిజమే. డిఫయంట్‌ను హరికేన్ అని పొరబడిన జర్మన్ పైలట్లు వెనుక నుంచి వచ్చి నేరుగా నాలుగు తుపాకులకు ఎదురయ్యారు. దళనాయకుడు ఫిలిప్ హంటర్ ఒక ఎత్తుగడ కూడా రూపొందించాడు. ఫైటర్లు చుట్టుముట్టినప్పుడు డిఫయంట్లు వలయంగా తిరుగుతూ క్రమంగా కిందికి దిగుతూ ఒకదాని వెనుకభాగాన్ని మరొకటి కాపాడుకోవాలి. కాని ఈ పద్ధతిలో ఒక లోపం స్పష్టం. వలయం తమను తాము కాపాడుకోవడానికే పనికొస్తుంది. బాంబర్లు తమ దారిన తాము పోతాయి.

జూన్‌లో ఫ్రాన్స్ పడిపోవడంతో పాత లెక్కకు ఆధారమే పోయింది. జర్మన్ ఫైటర్లు కలే తీరానికి వచ్చి కూర్చున్నాయి. కలే నుంచి లండన్‌కు సుమారు 150 కిలోమీటర్లు, తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద ఎంత దూరమో దాదాపు అంత. రావనుకున్న రక్షకవిమానాలు వచ్చాయి. జులై 19న డిఫయంట్లతో ఉన్న 141వ దళం ఎగిరిన తొమ్మిది విమానాలలో ఆరింటిని ఒకే పోరాటంలో కోల్పోయింది. ఇంత జరిగాక కూడా ఆగస్టు చివర 264వ దళాన్ని లండన్ తూర్పున ఉన్న హార్న్‌చర్చ్‌కు పంపారు. ఆగస్టు 24న హంటర్, ఆయన గన్నర్ ఫ్రెడరిక్ కింగ్ ఒక బాంబరును వెంటాడుతూ పోయి తిరిగి రాలేదు. 26న మరో మూడు విమానాలు పోయాయి. 28న హైంకెల్ బాంబర్ల మీదికి వెళ్లినప్పుడు వాటి రక్షకులైన 109లు దూకి నాలుగు డిఫయంట్లను కూల్చాయి, మరికొన్నింటిని దెబ్బతీశాయి. ఆ రోజుతో దళాన్ని ఉత్తరానికి తరలించారు. పగటి పోరాటంలో డిఫయంట్ కథ అంతటితో సరి.

ఈ నష్టంలో గన్నర్ల వాటా ప్రత్యేకంగా చెప్పదగినది. ఇరుకైన తుపాకీ గూడులో కూర్చున్న మనిషి, విమానం దెబ్బతిన్నాక పారాచూట్‌తో బయటపడటం పైలట్ బయటపడటం కంటే చాలా కష్టం. విమానం తిరగబడి పడుతుంటే, గూడును తిప్పే యంత్రం ఆగిపోతే, లోపలివాడు లోపలే. పత్రాల మీద వేసిన ఒక ఊహ ఎవరి శరీరం మీద పరీక్షింపబడుతుందో తెలియడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

తరువాత ఈ విమానాలనే నల్లరంగు వేసి రాత్రిపూట వాడారు. రాత్రి వచ్చే బాంబర్లకు రక్షకులుండరు. డిఫయంట్ రూపకర్తల ఊహ చీకట్లో మాత్రం నిజమైంది.

6. తోడు, వేట, పెట్రోలు

బ్రిటన్ మీద దాడులలో జర్మన్ల పరిమితి కూడా పెట్రోలే. లండన్ మీద 109 విమానం నిలబడగలిగింది సుమారు పది నిమిషాలు. ఆ కొద్ది సమయం కూడా స్వేచ్ఛగా పోరాడనివ్వలేదు. బాంబర్ల నష్టాలు పెరిగేసరికి గోరింగ్ సెప్టెంబరులో రక్షకవిమానాలను బాంబర్లకు ఆనుకొనే ఎగరమని ఆజ్ఞాపించాడు. నెమ్మదిగా పోయే బాంబరు పక్కన వేగవంతమైన ఫైటర్ ఎగరాలంటే అటూ ఇటూ వంకరలు తిరుగుతూ పోవాలి, పెట్రోలు వృథా అవుతుంది. పైనుంచి దూకే శత్రువుకు అది తేలిక లక్ష్యం కూడా. బాంబర్ల సిబ్బందికి పక్కన సొంత ఫైటర్ కనిపిస్తే ధైర్యంగా ఉండటం నిజమే. పైన చెప్పిన తోడుకూ రక్షణకూ మధ్య తేడా ఇదే.

బ్రిటిష్ వైపు కూడా ఈ సమస్యకు పరిష్కారం లేదన్న అభిప్రాయమే బలంగా ఉండేది. దూరం వెళ్లే ఫైటర్ దగ్గర తిరిగే ఫైటర్‌కు ఎన్నటికీ సాటిరాదని వైమానిక దళాధిపతి చార్లెస్ పోర్టల్ 1941లో ప్రధాని చర్చిల్‌కు తెలియజేశాడు. అమెరికన్లు తమ బి-17 బాంబర్లలో ఉన్న తుపాకుల సంఖ్యను నమ్ముకున్నారు. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్, రీగెన్స్‌బుర్గ్ పట్టణాల మీదికి 376 బాంబర్లు వెళ్లగా 60 పోయాయి. అక్టోబరు 14న ష్వైన్‌ఫుర్ట్‌కే మళ్లీ 291 వెళ్లగా మరో 60 పోయాయి. రెండు సందర్భాలలోనూ థండర్‌బోల్ట్ ఫైటర్లు జర్మనీ సరిహద్దు ప్రాంతం దాకా వెంట వెళ్లి పెట్రోలు చాలక వెనుదిరిగాయి. జర్మన్ ఫైటర్లు అవి వెనుదిరిగేదాకా ఆగి ఆ తరువాతే దాడిచేశాయి. ఒక్కో బి-17లో పదిమంది సిబ్బంది ఉండేవారని గుర్తుంచుకుంటే ఆ 60 అన్న అంకె బరువు అర్థమవుతుంది.

ముడి విప్పిన విమానం మస్టాంగ్. బ్రిటిష్ కోరికపై 1940లో అమెరికాలో నార్త్ అమెరికన్ సంస్థ తయారుచేసిన ఈ విమానానికి మొదట అమర్చిన ఇంజన్ ఎత్తులో బలహీనపడేది. 1942లో దానికి మెర్లిన్ ఇంజన్ అమర్చి చూశారు. డిఫయంట్‌ను లాగలేకపోయిన ఇంజన్ వంశానిదే ఈ కొత్త మెర్లిన్. అయితే ఎత్తులో కూడా శక్తి తగ్గకుండా దానికి రెండు దశల సూపర్‌ఛార్జర్ ఉంది. గాలిని సాఫీగా కోసుకుపోయే మస్టాంగ్ రెక్కలతో కలిసి ఇది గంటకు 700 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. గాలి నిరోధం తక్కువ కావడం వల్ల అదే పెట్రోలుతో మరింత దూరం పోగలిగింది.

ఆ దూరాన్ని ఇంకా పెంచింది ట్యాంకుల అమరిక. పైలట్ సీటు వెనుక 85 గ్యాలన్ల ట్యాంకు ఒకటి చేర్చారు. అది నిండుగా ఉన్నప్పుడు బరువు వెనక్కి మొగ్గి విమానం నిలకడ తప్పేది. కనుక బయలుదేరిన తరువాత ముందుగా ఆ పెట్రోలునే తగ్గించుకునేవారు. రెక్కల కింద వేలాడే ట్యాంకులు మరి రెండు. శత్రువు కనిపించగానే వాటిని జారవిడిచి తేలికపడేవారు. బ్రిటన్‌లో ఈ ట్యాంకులను అదిమి అతికించిన కాగితంతో కూడా తయారుచేశారు. కొన్ని గంటలపాటు పెట్రోలును ఆపగలిగితే చాలు, ఎలాగూ పారవేసేవే. కాగితపు ట్యాంకు బెర్లిన్ దాకా దారి తెరిచిందంటే ఆశ్చర్యమే. 1944 మార్చి తొలివారంలో మస్టాంగ్‌లు బాంబర్ల వెంట బెర్లిన్ చేరాయి. తూర్పు ఇంగ్లండు నుంచి అది 800 కిలోమీటర్లకు పైమాట, తిరుపతి నుంచి నాగపూర్ అంత దూరం.

అదే సంవత్సరం జనవరిలో అమెరికన్ 8వ వైమానిక సేనకు అధిపతిగా వచ్చిన జేమ్స్ డూలిటిల్, ఫైటర్ల మొదటి బాధ్యత బాంబర్ల పక్కన ఉండటం కాదని, శత్రు ఫైటర్లను ఎక్కడున్నా వెంటాడి కూల్చడమని మార్చాడు. తమను ఒంటరిగా వదిలేస్తున్నారని బాంబర్ల సిబ్బంది కలతచెందారు. ఫలితాలను బట్టి చూస్తే గోరింగ్ ఆజ్ఞ కంటే డూలిటిల్ ఆజ్ఞే సరైనది. కొద్ది నెలల్లోనే జర్మన్ వైమానిక దళం అనుభవజ్ఞులైన పైలట్లను పెద్దసంఖ్యలో కోల్పోయింది.

7. 234వ దళం: రక్షకులుగా మారినవారు

234వ దళం 1940లో స్పిట్‌ఫైర్లతో దక్షిణ ఇంగ్లండును కాపాడిన దళాలలో ఒకటి. ఆస్ట్రేలియా వాడైన పాట్ హ్యూస్ సెప్టెంబరు 7న ఒక డోర్నియర్ బాంబరు మీద దాడిచేస్తూ చనిపోయింది ఈ దళంలోనే. నాడు ఆ దళానికి బాంబర్లు లక్ష్యం, వాటి రక్షకులు అడ్డంకి.

నాలుగేళ్ల తరువాత పాత్రలు మారాయి. 1944 శరత్కాలంలో ఈ దళానికి మస్టాంగ్‌లు ఇచ్చారు. డిసెంబరులో తూర్పుతీరంలోని బెంట్‌వాటర్స్ స్థావరానికి తరలించారు. అప్పటికి ఫ్రాన్స్ విముక్తమైంది, జర్మన్ ఫైటర్ల బలం సన్నగిల్లింది. 1939లో పగటిని వదిలి రాత్రికి మళ్లిన బ్రిటిష్ బాంబర్లు తిరిగి పగటిపూట జర్మనీ మీదికి వెళ్తున్నాయి. వాటిని కాపాడుతూ వెళ్లి రావడం 234వ దళం పని. గంటల తరబడి ఒక్క మనిషి ఒక్క ఇంజన్‌తో ఇరుకు సీటులో కదలకుండా కూర్చొని చలిలో వెళ్లాలి. లాంకాస్టర్ బాంబర్లు రాత్రి అలవాటు వల్ల అమెరికన్ల మాదిరి గట్టి బారులు తీరక, పొడవుగా సాగిన గుంపుగా పోయేవి. అంత పొడవును కాపాడటం మరింత కష్టం. శత్రువు కనిపించని రోజులే ఎక్కువ. చరిత్ర గ్రంథాలలో ఈ దశకు దక్కిన పుటలు తక్కువ కావడానికి అది ఒక కారణం కావచ్చు. కాని బాంబర్లన్నీ తిరిగివచ్చి, చెప్పుకోవడానికి ఏమీ మిగలని రోజే రక్షకవిమానానికి అసలైన విజయం.

ఈ మాటలకు మరో పక్క ఉంది. రక్షకులు బలపడటం వల్ల బాంబర్లు క్షేమంగా చేరాయి. క్షేమంగా చేరిన బాంబర్ల కింద ఊళ్లున్నాయి. లండన్ ప్రజలు 1940లో అనుభవించినదానిని జర్మన్ పట్టణ ప్రజలు అనేక రెట్లు అనుభవించారు.

8. 1942 ఏప్రిల్: పేరు అక్కడ, తీరం ఇక్కడ

మద్రాసు ప్రెసిడెన్సీ పేరున్న విమానాలు ఇంగ్లండును కాపాడుతున్న కాలంలోనే యుద్ధం ప్రెసిడెన్సీ తీరానికి వచ్చింది. 1942 ఏప్రిల్ 5న జపాను నౌకాదళ విమానాలు కొలంబో మీద దాడిచేశాయి. బాంబర్ల వెంట 36 జీరో ఫైటర్లు రక్షణగా వచ్చాయి, కొలంబోలో బ్రిటిష్ ఫైటర్లు ఉన్నాయి గనుక. 9న ట్రింకోమలీ మీద దాడి జరిగింది. అదే రోజు జపాను నౌకల మీదికి రక్షణ లేకుండా తొమ్మిది బ్లెన్‌హైమ్ బాంబర్లు వెళ్లాయి. ఐదు పోయాయి, ఒక్క బాంబూ తగలలేదు.

ఈ రెండింటి మధ్య, ఏప్రిల్ 6న, రియూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవులో ప్రాణనష్టం, ఆస్తినష్టం జరిగాయి. ఆ బాంబర్లకు రక్షకవిమానాల అవసరమే రాలేదు. ఎదిరించడానికి విశాఖలో ఫైటర్లు లేవు. రక్షణలేని బాంబర్లు పగటిపూట వెళ్లరాదన్న నియమం ఎదుట ఫైటర్ ఉన్నప్పుడే వర్తిస్తుంది. తీరాంధ్రం నాడు ఆ నియమానికి వెలుపల ఉంది. వార్త పాకడంతో తీరపట్టణాల నుంచి జనం తరలిపోయారు. మద్రాసు నగరం కూడా ఆ నెలలో సగం ఖాళీ అయింది. రైళ్లెక్కినవారు తమకు బంధువులున్న లోపలి ఊళ్లు వెతుక్కున్నారు.

ఆ రోజున 234, 264 దళాలు బ్రిటన్‌లో ఉన్నాయి. 79వ దళం మార్చిలో బ్రిటన్ విడిచి భారతదేశానికి బయలుదేరింది, ఇంకా చేరలేదు. ప్రెసిడెన్సీ పేరున్న విమానం ఒక్కటి కూడా ఆ ప్రెసిడెన్సీ తీరం మీద లేదు. ఆ దళాల చిహ్నాలలో సైతం మద్రాసు గుర్తు ఏదీ కనిపించదు. హైదరాబాద్ పేరున్న 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. 79వ దళానికి మంటల్లో బతికే సాలమాండర్, 234కు నిప్పులు కక్కే డ్రాగన్, 264కు శిరస్త్రాణం ఉన్నాయి. చందా ఇచ్చిన రాజుకు తలపాగా దక్కింది. చందాలు చిల్లరగా పోగైన ప్రెసిడెన్సీకి అటువంటి గుర్తు దక్కలేదు.

79వ దళం ఆ సంవత్సరం భారతదేశం చేరి బర్మా సరిహద్దున హరికేన్లతో పనిచేసింది. 1944లో దానికి థండర్‌బోల్ట్‌లు వచ్చాయి. జర్మనీ సరిహద్దుల దాకా బాంబర్ల వెంట వెళ్లి వెనుదిరిగిన రకం విమానాలే అవి. బర్మాలో వాటి పని ప్రధానంగా నేలమీది సైన్యానికి తోడ్పడటం. యుద్ధం ముగిసిన 1945 డిసెంబరులో ఆ దళాన్ని రద్దుచేశారు.